పాడలేను, ప్రసంగించలేను... నాకు వరం లేదా?

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర ఒక పల్లె సంఘం. నాకు నలభై దాటాయి. పాటెత్తుకుంటే రాగం కుదరదు, సాక్ష్యం చెప్పమంటే నోరు పెగలదు. ఆరాధన అయ్యాక చాపలు చుట్టి మందిరం ఊడుస్తాను. ఎవరికైనా జబ్బు చేస్తే గంజి కాచి పట్టుకెళ్లి, కాసేపు మంచం పక్కన కూర్చుని వస్తాను. అంతకు మించి చేతకాదు. మొన్న ఉజ్జీవ కూటాల్లో ప్రతి విశ్వాసికీ ఒక కృపావరం ఉంటుందని చెప్పారు. ఎంత వెతుక్కున్నా నాలో ఏదీ కనబడదు. దేవుడు నన్ను పక్కన పెట్టాడా?
– ఒక సహోదరి

జవాబు: లేదమ్మా. మీరు వెతుకుతున్న వరం మీ ఉత్తరంలోనే ఉంది. జబ్బుమనిషి మంచం పక్కన కూర్చోవడాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు, పౌలు తీసుకున్నాడు. రోమా పత్రిక 12వ అధ్యాయంలో ప్రవచనం, బోధ, నాయకత్వం చెప్పిన వరుసలోనే కరుణ చూపడాన్నీ చెప్పాడు. అది సంతోషంగా చేయాలనీ రాశాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో స్వస్థత వరాల పక్కనే సాటివారికి చేసే సహాయాన్ని నిలబెట్టాడు. మైకు ముందు కనబడేవే వరాలని మన సంఘాలు ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టాయో గానీ, మీలాంటివాళ్లు ఎందరో ఆ అపోహలో నలిగిపోతున్నారు.

యొప్పేలో దొర్కా సంగతి తెలుసు కదా. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె నోటి నుంచి ఒక్క మాటను కూడా లూకా రాయలేదు. ఆమె చనిపోతే, లుద్ద నుంచి పేతురును పిలిపించారు. విధవరాండ్రు ఆయన చుట్టూ నిలబడి, ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు. ఆమె వరం ఏమిటో ఆమె చెప్పుకోలేదు, మేలు పొందినవాళ్లే చెప్పారు. మీరూ మీలోకి తొంగి చూసుకోవడం ఆపి, మీరు వెళ్లి వచ్చిన ఇళ్లవాళ్లను అడగండి. వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఇంకో మాట. చాపలు చుట్టడం, ఊడవడం మీ ఒక్కరి పరిచర్య కాదు, సంఘమంతటి పని. ఒకరు కాదనకుండా చేస్తుంటే, దానికి పరిచర్య అని పేరు పెట్టి మిగతావాళ్లు తప్పుకుంటారు. యవనస్తులకు వంతులు వేయమని పెద్దలను అడగండి. అడగడానికి జంకకండి. అలా మిగిలిన సమయం రోగులకివ్వండి. వరాన్ని రగిలించుకోమని పౌలు తిమోతికి రాశాడు, అంటే అది సాధనతో పెరిగేదే. మంచం దగ్గర చదవడానికి 23, 121 కీర్తనలు కంఠతా పట్టండి. మందుల చీటీ చదవడం ఆశా కార్యకర్త దగ్గర నేర్చుకోండి. వెళ్లేటప్పుడు ఒక ఆడపిల్లను వెంట తీసుకెళ్లండి, ఆ పిల్లా నేర్చుకుంటుంది.

ప్రశ్న: హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా ప్రార్థన గుంపులో అన్యభాషల్లో మాట్లాడనిది నేనొక్కడినే. నీకింకా ఆత్మ రాలేదంటున్నారు. ఫోన్‌లో వరాల పరీక్ష రాస్తే మాత్రం నాకు నాయకత్వ వరం ఉందని వచ్చింది. మా సంఘంలో ఎవరూ అవకాశం ఇవ్వడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, అందరూ భాషలతో మాట్లాడతారా అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో అడిగింది పౌలే. ఆ ప్రశ్నకు జవాబు కాదనే. ఆత్మ తన చిత్తప్రకారం పంచిపెడతాడని అదే అధ్యాయంలో ఉంది. కొరింథు సంఘానికి ఏ వరంలోనూ కొదువ లేదు. అయినా అక్కడ చీలికలు, వ్యాజ్యాలు, ప్రభువు బల్ల దగ్గర కూడా ఆకలితో మిగిలిన పేదలు. అందుకే వరాల గురించి చెప్పే 12, 14 అధ్యాయాల నడుమ ప్రేమ అధ్యాయం ఉంది. నీ స్నేహితుల వరాన్ని చులకన చేయకు, అది లేదని నిన్ను నువ్వూ తక్కువ చేసుకోకు.

ఇక ఆ పరీక్ష. నీ గురించి నువ్వేమనుకుంటున్నావో అది చెబుతుంది, అంతవరకే. నాయకుడు అవునో కాదో చెప్పాల్సింది వెంట నడిచేవాళ్లు. బర్నబాను చూడు. అందరూ భయపడి దూరం పెట్టిన సౌలును, అంటే పౌలును, అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. అంతియొకయలో పని పెరిగాక తార్సు దాకా వెళ్లి అతన్నే వెతికి తెచ్చాడు. కొన్నాళ్లకు పౌలు పేరే ముందుకొచ్చింది. బర్నబా అలిగినట్టు ఎక్కడా లేదు. అవకాశం కోసం ఎదురుచూడకు. మీ సండే స్కూల్లో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు ఉండే ఉంటారు, ఒక ఏడాది వాళ్లకు చెప్పు. పిల్లలు నిలబడ్డారా, నీతో పనిచేయడానికి ఇంకెవరైనా వచ్చారా? ఏడాది తర్వాత పెద్దలతో మాట్లాడు.

ప్రశ్న: నేను పల్లె సంఘకాపరిని. మావాళ్లంతా కూలి జనం, చదువు తక్కువ. ప్రసంగం, ప్రార్థన, కానుకల లెక్క, ఇళ్ల దర్శనం అన్నీ నేనే చూసుకోవాలి. అలిసిపోయాను. వాళ్లకేమి అప్పగించగలను?
– ఒక సేవకుడు

జవాబు: అయ్యగారూ, మీ అలసట నిజం. కానీ కూలి జనం గురించి మీ అంచనాను మన తెలుగు సంఘ చరిత్ర ఒప్పుకోదు. ఒంగోలు ప్రాంతంలో సువార్తను మాదిగ పల్లెలకు మోసుకెళ్లింది తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం పొందాడు. వ్యాపారానికి తిరిగిన దారులే ఆయనకు సువార్త దారులయ్యాయి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారంటే, దాని వెనక అలాంటివాళ్ల కాలినడక ఉంది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారి మేత్రాసనంలో ఎక్కువమంది నిరుపేద కూలీలే. బాప్తిస్మం తీసుకున్నవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే భారం తమదేనని ఆయన పలికించేవారు.

కాపరులు ఉన్నది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధం చేయడానికని ఎఫెసీ పత్రిక 4లో ఉంది. ముందు కానుకల లెక్క వదిలేయండి. యెరూషలేముకు పంపే చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు వేరేవాళ్లను తోడు పెట్టుకున్నాడు. స్వయం సహాయక సంఘంలో పుస్తకాలు రాసే అక్క మీ సంఘంలో ఉంటే ఆమెకూ, ఒక పెద్దకూ కలిపి అప్పగించండి. తర్వాత బుధవారం గృహ కూడికలో ప్రార్థన ఒక కూలి అన్నతో చేయించండి. మొదటిసారి తడబడతాడు, మధ్యలో ఆగిపోతాడు. మీరు అందుకుని పూర్తిచేయకండి, ఆమేన్ అనేదాకా ఆగండి.