తిరిగిస్తేనే తీరుతుంది

దొంగ అనగానే మీకెవరు గుర్తొస్తారు చెల్లెళ్ళూ? అర్ధరాత్రి గోడ దూకేవాడు, బస్సులో పర్సు కొట్టేసేవాడు, మరీ మాట్లాడితే మనింట్లో అంట్లు తోమే మనిషి. మనం మాత్రం మనకెప్పుడూ గుర్తుకు రాం. అందుకే ఈసారి ముచ్చట మన గురించే పెట్టుకుందాం. ఎక్కడైనా చురుక్కుమంటే ఏమీ అనుకోకండి. అప్పని కదా, ఆ మాత్రం చనువుంది.

మొన్న గొలుగొండ వైపు స్త్రీల సమాజం కూడిక అయిపోయాక అందరం టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. ఒక చెల్లి నా పక్కకు జరిగి చిన్నగా అడిగింది. "అప్పా, డ్వాక్రా వాయిదా డబ్బులు కట్టమని నా చేతికిస్తే ఇంటి ఖర్చుకి వాడేశాను. తర్వాత కట్టేశాననుకో. కానీ ఆలస్యమైనందుకు పడిన వడ్డీ అందరి మీదా పడింది. ఎందుకు పడిందో వాళ్ళకి తెలీదు. ప్రార్థనలో ఏడ్చి ఒప్పుకున్నాను. దేవుడు క్షమిస్తాడు కదా?"

"క్షమిస్తాడమ్మా. మరి ఆ వడ్డీ వాళ్ళకెప్పుడు ఇస్తున్నావు?" అన్నాను.

పిల్ల గతుక్కుమంది. ఆ సంగతే తట్టలేదట. దాన్ని ఒక్కదాన్నీ అనేదేముంది, మనలో చాలామందిమి మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాం. లేచి పొరుగింటి గుమ్మం దాకా వెళ్ళం.

దొంగతనం వద్దన్నది ఎనిమిదో ఆజ్ఞ అని మన బాప్టిస్టు పిల్లలు సండే స్కూల్లో టకటకా అప్పజెబుతారు. ఆర్‌.సి.ఎం. వాళ్ళ లెక్కలో, లూథరన్ల లెక్కలో అది ఏడోది. నంబరు ఏదైనా ఆజ్ఞ ఒకటే. దొంగిలించాక ఏం చెయ్యాలో మాత్రం నిర్గమకాండం 22లో, లేవీయకాండం 6లో ఉంది. అక్కడికి మనం అంతగా వెళ్ళం. గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడు నాలుగు గొర్రెలివ్వాలి. ఎద్దయితే అయిదు. నమ్మి దాచమన్న సొమ్ము కాజేసి, తర్వాత తప్పు తెలుసుకున్నవాడు అసలుకి అయిదో వంతు కలిపి సొంతదారు చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే బలి పట్టుకుని యాజకుడి దగ్గరికి రావాలి. యేసు కొండమీద చెప్పిందీ అదే వరస. కానుక తెచ్చినప్పుడు నీ మీద ఎవరికైనా నొప్పి ఉందని గుర్తొస్తే, కానుకను బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు అతని దగ్గరికి వెళ్ళమన్నాడు.

జక్కయ్య సంగతి చూడండి. మేడిచెట్టెక్కిన పొట్టివాడిగానే మన పిల్లలకి తెలుసు. చెట్టు దిగాక అతను చేసింది అసలు కథ. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా ఎవరి దగ్గర గుంజుకున్నా నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఈ రెండూ వేరువేరు లెక్కలని గమనించారా? పేదలకిచ్చేది దానం, మోసపోయినవాళ్ళకిచ్చేది బాకీ. దానం చేశాను కాబట్టి బాకీ మాఫీ అనుకోలేదతను. అలాగని డబ్బిచ్చి రక్షణ కొనుక్కోనూ లేదు. రక్షణ వచ్చిన ఇంట్లో పరాయి సొమ్ము ఉండలేకపోయింది, అంతే.

ఇక మన ఊళ్ళకొద్దాం. ఎండాకాలం జీడిపిక్కల రోజుల్లో కాటా దగ్గర నిలబడి చూడండి. కొండ మీంచి మూట మోసుకొచ్చిన ఆడమనిషి చెమట తుడుచుకునేలోపు కొక్కెం కాటాకి మూట తగిలిస్తారు. ముల్లు ఆగకముందే ఒక అంకె చెప్పేస్తారు. పచ్చిగా ఉన్నాయని కొంత, గోనె బరువని కొంత తరుగు తీసేస్తారు. ఆవిడ నోట్లు మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోతుంది. ఈ బాధ పడలేకే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. దళారుల చేతుల్లో గిరిజనులు మోసపోకుండా సరుకు నేరుగా కొనడం దాని పని. సంచిలో రెండు రకాల తూనికరాళ్ళు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం ఎప్పుడో చెప్పింది. ఆదివారం కోయిర్‌లో పాడి సోమవారం కాటా పట్టుకునేవాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ ఇంటి ఆడవాళ్ళకి విషయం తెలీదంటే నేను నమ్మను.

కూలి ఎగ్గొట్టడం సంగతీ చెప్పుకోవాలి. సాయంత్రం ఇవ్వాల్సిన కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది లేవీయకాండం. చేను కోసినవాళ్ళకి పట్టి ఉంచిన కూలి దేవుడి చెవిన మొరపెడుతుందంటాడు యాకోబు తన పత్రికలో. ఈ మాట ఎంత నిజమో మన గొలుగొండ మండలానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి దారి వేయించినప్పుడు మన్యం జనం చేత చాకిరీ చేయించి, ఇవ్వాల్సిన కూలి సరిగా ఇవ్వలేదు. అప్పటికే అడవి చట్టాలు పోడు మీద పడి ఉన్నాయి. ఆ మంటలోంచే అల్లూరి సీతారామరాజు పితూరీ లేచింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా దాడులు జరిగాయి. 1924 మే 7న రాజును కాల్చేశారు, సమాధి మన కృష్ణదేవిపేటలోనే ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి దండ వేయించి వస్తుంటాం. వచ్చి, మామిడికాయలు దింపిన మనిషికి "రేపు రా, చిల్లర లేదు" అంటాం. ఆ మనిషి మర్నాడు ఒక పూట పని మానుకుని వస్తే మన ఇంటికి తాళం ఉంటుంది.

దారినపోయే పిల్లలు మన తోటలో రెండు కాయలు తింటే మాత్రం అరిచి గోల చేస్తాం. పొరుగువాడి ద్రాక్షతోటలో కడుపునిండా తినొచ్చు, బుట్టలో వేసుకుపోకూడదు అన్నది ధర్మశాస్త్రం పెట్టిన హద్దు. ఆకలికి తిన్నదానికీ అమ్ముకోవడానికి పట్టుకుపోయినదానికీ అది తేడా చూపించింది. మనమూ చూపిద్దాం.

ఇంకొక దొంగతనం ఉంది, అది మన నోటితో చేసేది. ఉంగరం కనబడకపోతే ముందు పనిమనిషి పేరే వస్తుంది. వారం తర్వాత బియ్యం డబ్బా వెనక దొరుకుతుంది. ఆవిడ పేరు మాత్రం వీధిలో పోయింది పోయినట్టే ఉంటుంది. ఒక్క మనిషికే ఇలా ఉంటే, జాతి మొత్తానికి ఎలా ఉంటుంది? 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, మనుషుల్ని హాజరు పట్టీలతో కట్టడి చేసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఎరుకల వాళ్ళకోసం పెట్టిన సెటిల్మెంటే. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే మనలాంటి క్రైస్తవులే. పని నేర్పారు, బడి పెట్టారు. కానీ కాపలా కాసే సర్కారుకి చెయ్యీ అందించారు. 1952లో చట్టం రద్దయింది, ఊరి పేరు చెబితే అనుమానంగా చూసే చూపు రద్దవలేదు. తర్వాత ఆ ఊళ్ళో మనుషుల్ని మనుషులుగా చూసి సంస్కరణ పని చేసిన హేమలతా లవణం, మన జాషువా గారి కూతురు. నాస్తికోద్యమంలో ఉన్న మనిషి. పోయిన పేరు తిరిగిచ్చే పని ఆవిడ తలకెత్తుకుంటే, ఆదివారం ఆదివారం క్షమాపణ గురించి వినే మనం సిగ్గుపడాలా వద్దా?

పౌలు ఎఫెసీ వాళ్ళకి రాసింది కూడా ఇదే దారిలో ఉంటుంది. దొంగతనం మానేస్తే చాలనలేదు. చేతులతో కష్టపడి, లేనివాడికి ఇచ్చే స్థితికి రమ్మన్నాడు. తీసుకున్న చెయ్యి ఇచ్చే చెయ్యి అవ్వాలన్నమాట.

ఆ డ్వాక్రా చెల్లి తర్వాతి మీటింగులో అందరి ముందూ లేచి, జరిగింది చెప్పి, ఎవరి వాటా వాళ్ళకి లెక్కగట్టి ఇచ్చేసింది. ఒకావిడ నాలుగు మాటలంది, పడింది. పుస్తకం రాసే బాధ్యత మళ్ళీ దానికే అప్పజెప్పారట.

కాబట్టి చెల్లెళ్ళూ, వచ్చే ఆదివారం కానుక కవరు మడిచే ముందు ఒక్కసారి లెక్క చూసుకోండి. ఎవరి కూలి మిగిలింది, ఎవరి చిల్లర మీ డబ్బాలో ఉంది, ఎవరి పేరు మీ నోట పాడైంది? డబ్బయితే కాస్త కలిపి ఇవ్వండి. పేరయితే, ఏ వీధిలో తీశారో ఆ వీధిలోనే, ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందే తిరిగివ్వండి. ఆ తర్వాత గుడికి రండి. కానుక కొంచెం తగ్గినా పాస్టరు గారు ఏమీ అనుకోరు, దేవుడసలే అనుకోడు.