చరిత్ర ప్రశ్నకు జవాబు వ్రాయు విధము



చరిత్రపరీక్ష యనగానే మీలో పెక్కుమందికి తేదీల భయము పుట్టును. ముందురాత్రి కూర్చుండి సంవత్సరములను వల్లెవేయుదురు. తెల్లవారి ప్రశ్నపత్రము చేతికి వచ్చునప్పటికి 1799 ఎవరిదో, 1801 ఎవరిదో కలగాపులగమై పోవును. ఇది జ్ఞాపకశక్తి లోపమని మీరు చింతింతురు. నా యెఱిగినంతలో లోపము అచ్చట లేదు. ఏది దేనివలన జరిగినదో తెలియక తేదీని మాత్రము పట్టుకొన్నచో అది నిలువదు. ఈ మాటను మన యూరి సమీపమందలి యొక యుదాహరణముతో చూపెదను.

ఒట్టన్‌చత్రమునుండి పళని పోవు త్రోవలో విరూపాక్షి యను నూరు కలదు. కొండ అరటిపండు మూలమున ఆ పేరు మీ యందఱకును తెలిసినదే. పాళెగాండ్ర తిరుగుబాటును గూర్చిన పాఠమున వచ్చు గోపాలనాయకుడు ఆ విరూపాక్షి పాళెగాడే. బస్సులో ఆ యూరిని దాటి పోవు బాలురు పుస్తకములో ఆ పేరును చదివినప్పుడు రెంటిని కలుపుకొనకుండుట నాకు వింతగా తోచును.

“పాళెగాండ్ర తిరుగుబాటునకు కారణము లెవ్వి?” అని ప్రశ్న వచ్చిన దనుకొందము. పలువురు కట్టబొమ్మని శౌర్యముతో ఆరంభించి, కయత్తాఱులో ఆయనను ఉరి తీయుటతో ముగింతురు. అది కథ. “వర్ణింపుము” అన్నచో ఆ కథకు మార్కులు వచ్చును. “కారణము లెవ్వి” అన్నప్పుడు ఆ పుట యంతయు వృథా. కావున ప్రశ్నలోని చివరి మాటను రెండుమాఱులు చదివిన పిమ్మటనే కలము పట్టుడు.

ఇక కారణములు. మధుర నేలిన విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున, మంత్రి అరియనాథుని ఆలోచనతో, రాజ్యమును 72 పాళెములుగా ఏర్పఱచె నని చెప్పుదురు. పాళెగాడు తన సీమలో పన్ను వసూలు చేయును, తగవులు తీర్చును, దొంగలనుండి ఊళ్లను కాచి కావలిరుసుము పొందును, యుద్ధకాలమున రాజునకు సైన్యమును పంపును. వచ్చిన దానిలో కొంత రాజునకు చెల్లించి, మిగిలినది తన సైన్యమునకును కుటుంబమునకును ఉంచుకొనును. ఈ యేర్పాటును అర్థము చేసికొన్నవానికి తక్కిన పాఠము సగము వచ్చినట్లే.

1736లో మధుర నాయకరాజ్యము అంతరించెను. పిదప ఆర్కాటు నవాబు పాళెములపై తనకే అధికార మనెను. ఆ నవాబు ఇంగ్లీషు కంపెనీకి తీర్పలేనంత అప్పుపడి, 1792 జూలైలో జరిగిన ఒడంబడికచే పాళెగాండ్ర కప్పమును వసూలు చేయు హక్కును కంపెనీకి విడిచెను. మన దిండుగల్లు సీమ వచ్చిన త్రోవ వేఱు. అది మైసూరువారి చేతిలో నుండెను. 1755లో హైదరాలీ ఫౌజుదారుగా వచ్చిన కోట యిదే. 1790లో ఇంగ్లీషువారు దానిని పట్టిరి. 1792 మార్చిలో శ్రీరంగపట్టణపు సంధిచే టిప్పు సుల్తాను దానిని వారికి ఒప్పగించెను. చూచితిరా! ఒకే సంవత్సరమున, కొలది నెలల యెడముతో, పాంచాలంకుఱిచ్చియు విరూపాక్షియు కంపెనీ పద్దులోనికి వచ్చి చేరినవి. ఇరువది తేదీలను వల్లించుట మాని ఈ 1792ను మనసున నాటుకొనుడు. వెనుకటి సంగతులన్నియు దానిలోనికి వచ్చి చేరును, ముందటివి దానినుండి బయలుదేరును.

కంపెనీవారు పాళెగానిని కిస్తు చెల్లింపవలసిన బాకీదారుగా మాత్రమే చూచిరి. గడువు దాటరాదు, కావలిరుసుము కూడదు, ఆయుధములు తగ్గవలెను అనిరి. పాళెగానికో, అది తాతముత్తాతలనాటి సీమ. వాన లేని యేట తగ్గించి యిచ్చుట అతనికి అలవాటు. ఈ రెండు దృష్టుల సంఘర్షణమే మూలకారణము. 1798లో కట్టబొమ్మడు కలెక్టరు జాక్సనును రామనాథపురమున కలిసికొన్నప్పుడు జరిగిన గలాటా తక్షణకారణము. మూలమునకును తక్షణమునకును గల భేదమును చూపినవాని జవాబు పరీక్షకుని కంటికి ఆనును.

ఇచ్చట నొక హెచ్చరిక. 1959 నాటి చలనచిత్రములో కట్టబొమ్మడు జాక్సనుతో పలుకు మాటలు మన యిండ్లలో అందఱకును కంఠస్థములు. వానిని జవాబులో వ్రాయువారు కలరు! అవి చిత్రరచయిత మాటలు. చరిత్రకు పనికివచ్చునది వేఱొకటి: ఆ గలాటా పిమ్మట కంపెనీవారే జాక్సనును పదవినుండి తొలగించిరి. నాటకమునకు ఇది చప్పగా నుండవచ్చును గాని జవాబునకు బలము నిచ్చును.

గోపాలనాయకుని గూర్చి విడిగా రెండు మార్కుల ప్రశ్న రావచ్చును. 1772లో కాళైయార్‌కోయిలులో భర్త మరణింపగా, శివగంగరాణి వేలునాచ్చియారు కుమార్తెతో వచ్చి విరూపాక్షిలో ఈయన రక్షణమున ఎనిమిది సంవత్సరము లుండెను. హైదరాలీ సహాయముతో 1780లో శివగంగను మరల పొందెను. కట్టబొమ్మని మరణానంతరము ఆమె ఇటకు వచ్చె నని వ్రాయుట తఱచుగా కనబడు తప్పు. అది 1799, ఇది 1772. తరువాత గోపాలనాయకుడు మణప్పాఱై లక్ష్మీనాయకుని, దేవదానపట్టి పూజైనాయకుని కూర్చుకొని దిండుగల్లు కూటమిని నిలిపెను. 1800 జూన్‌లో కోయంబత్తూరులోని ఇంగ్లీషు దండుపై తిరుగుబాటుదారులు తలపెట్టిన దాడి విఫలమయ్యెను. ఆనైమలై ప్రాంతమున రైతులు తోడు నిలిచినను, 1801లో గోపాలనాయకుడు ఓడి పట్టుబడెను. ఆ యేటనే మరుదుసోదరులను ఉరి తీసిరి, కర్ణాటకము పూర్తిగా కంపెనీ వశమయ్యెను.

ఇంకొక సంగతి మన పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇంట తెలుగు మాటలాడు మనకు, ఈ నాయకులు మనవా రను అభిమానము సహజము. దానిని తప్పనను. కాని “తెలుగు పాళెగాండ్రు ఇంగ్లీషువారి నెదిరించిరి” అని వ్రాసినచో అది సత్యము కాదు. పూలితేవరు, వేలునాచ్చియారు, మరుదుసోదరులు తెలుగువారు కారు. కట్టబొమ్మనివలెనే తెలుగు మాటలాడు ఎట్టయాపురపు పాళెగాడు కంపెనీ పక్షమున నిలిచెను. ఎవరు ఎటు నిలిచిరో వారి భాష నిర్ణయింపలేదు. పొరుగు పాళెముతో నున్న పగలు, కంపెనీ చూపిన ఆశ, భయము ఇవి నిర్ణయించినవి. ఈ మాటను వ్రాయుటకు కొంత మనసు నొచ్చును. అయినను వ్రాయవలెను.

అయితే ఇంటి తెలుగు మీకు మఱియొక విధమున తోడ్పడును. పాఠము నొకమాఱు చదివి పుస్తకము మూసి, అవ్వకో తాతకో మన యింటి మాటలలో చెప్పి చూడుడు. కిస్తు, కావలి, పాళెము వారికి క్రొత్తమాటలు కావు. “ఎందుకురా అట్లా చేసినారు?” అని వారు నడుమ అడుగుదురు. మీ నోరు ఎచ్చట ఆగునో అచ్చట మీకు పాఠము రాలేదని గుర్తు. ఆ పుటను మరల చదువుడు. తరువాత దానినే పరీక్ష వ్రాయు భాషలో పది పంక్తులుగా వ్రాయుడు.

అభ్యాసమునకు మూడు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి పది నిమిషములు మించరాదు.

1. పాళెగాని యొక్క విధులను వివరింపుము.

2. 1792వ సంవత్సరము దిండుగల్లు సీమకును తిరునెల్వేలి సీమకును తెచ్చిన మార్పులను పోల్చి చూపుము.

3. పాళెగాండ్ర తిరుగుబాటు విఫలమగుటకు కారణము లెవ్వి? (కట్టబొమ్మని శౌర్యవర్ణనతో ఆరంభింపకుడు.)