జంగ్లీఘాట్ తెలుగు పాఠము - ఉమ్మడి పత్రమున దిద్దుబాటు సమస్య

అండమాను నికోబారు దీవుల రాజధానియగు పోర్టు బ్లెయిరునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. ఆ పట్టణమున సముద్రపు పాయ నానుకొని జంగ్లీఘాట్ అను పేట యున్నది. అడవికి చెందినది అను అర్థముగల ‘జంగ్లీ’, రేవు అను అర్థముగల ‘ఘాట్’ అను రెండు హిందీ పదముల కూడికయే ఆ పేరు. పేరు హిందీదైనను అచట చేపలరేవు చుట్టును వినవచ్చు తెలుగు మాత్రము ఉత్తరాంధ్ర తీరపు తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల నుండి వేటకై సముద్రము దాటి వచ్చి స్థిరపడిన కుటుంబముల నోట అది నేటికిని నిలిచియున్నది. 2011 జనాభా లెక్కలలో ఈ దీవుల జనసంఖ్య 3,80,581. అందు తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది. దీవుల ప్రభుత్వ పాఠశాలలలో బోధనామాధ్యమములుగా చోటు పొందిన భాషలలో తెలుగు ఒకటి.

ఇంట తీరపు తెలుగు, వీధిలో అండమాను హిందీ, పరీక్షలో ఆంగ్లము, పాఠ్యపుస్తకమున శిష్టవ్యవహారపు తెలుగు. ఇన్నింటి నడుమ పెరుగు బాలునకు తెలుగు నేర్పుట యనగా ఏది నేర్పుట? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని ఇంటర్నెట్ ద్వారా పలువురు కలిసి ఒకే పత్రమున వ్రాయగల సాధనములు తరగతిలోనికి వచ్చిన పిదప ఇది క్రొత్త రూపము దాల్చినది. ఆ రూపమును పరిశీలించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదట సౌకర్యమును గూర్చి ఒక మాట. చాలకాలము దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహముల మీదుగనే వచ్చుచుండెను. అది పరిమితమైనది, ఖరీదైనది. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నై నుండి దీవులకు సముద్రగర్భమున వేసిన తంతి పనిచేయ నారంభించినది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. రాజధానితోపాటు స్వరాజ్ ద్వీప్, రంగత్, కారు నికోబారు మొదలగు మరి యేడు చోట్లకు అది చేరినది. కావున జంగ్లీఘాట్ లోని పిల్లయు, హైదరాబాదులోని ఉపాధ్యాయుడును ఒకే పుటపై ఒకే క్షణమున వ్రాయుట నేడు ఊహ కాదు. తంతి వచ్చినంత మాత్రమున ఇంటింట యంత్రము వచ్చినట్లు కాదను సంగతి వేరుగా చెప్ప బనిలేదు. పెక్కు ఇండ్లలో ఉన్న ఫోను ఒక్కటే. అదియును తండ్రితో వేటకు పోవును.

పలువురు కలిసి ఒక గ్రంథమును సిద్ధపరచుట మనకు వింతకాదు. సి. పి. బ్రౌను కడపలో పండితులను కూర్చుకొని ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులు తెప్పించి, పాఠాంతరములు సరిచూపించెను. 1852లో వెలువడిన అతని తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెనుక ఆ ఉమ్మడి శ్రమ యున్నది. అచట గమనింపదగిన దేమనగా, ఒక పాఠమును స్వీకరించినను తక్కిన ప్రతులు కాలిపోలేదు. అవి ప్రక్కన నిలిచినవి. సందేహము గలవాడు మరల చూచుకొనవచ్చును.

నేటి సాధనములలో ఈ గుణము గలది వికీ. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ దీనిని ప్రారంభించి, హవాయి భాషలో ‘త్వరగా’ అను అర్థముగల మాటను పేరుగా గైకొనెను. ద్వీపవాసుల మాట యొకటి ప్రపంచమంతట ఉమ్మడి వ్రాతకు పేరైనది. జంగ్లీఘాట్ ప్రసంగమున ఈ సంగతి స్మరింపదగినదే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. వికీలో ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరమును మార్చిరో ప్రతి కూర్పును భద్రపడియుండును. చదువరి యెవడైనను దానిని తెరచి చూడవచ్చును. మార్పును గూర్చిన వాదము వ్రాతలో గాక ప్రక్కనున్న చర్చాపుటలో సాగును.

గూగుల్ డాక్స్ వంటి పత్రములకును చరిత్ర కలదు, కాని దాని స్వభావము వేరు. దిద్దుటకు అధికారము లేని చదువరికి ఆ చరిత్ర కనబడదు. పత్రమునకు నకలు తీసినచో పాతకూర్పులు నకలులోనికి రావు. దగ్గరదగ్గరి కూర్పులను యంత్రము కలిపివేయుటయు కలదు; పేరుపెట్టి దాచిన కూర్పులు మాత్రము నిలుచును. అయినను ఇందు ఒక మంచి యేర్పాటున్నది. నేరుగా దిద్దుటకు బదులు ‘సూచన’ అను పద్ధతి నెన్నుకొనినచో మూలవాక్యము చెరగక, దిద్దుబాటు రంగు మారి దాని ప్రక్కన నిలుచును. తెలుగు ఉపాధ్యాయులలో దీని నుపయోగించువారు అరుదు. ఎందుకనగా మనకు ఎఱ్ఱసిరా అలవాటు. ఎఱ్ఱసిరా అయినను క్రింది యక్షరమును కనబడనిచ్చెడిది. ఈ యంత్రము అదియు నుంచదు.

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట ఒక తరగతిలో ‘మా ఊరి ఉదయము’ అను అంశముపై విద్యార్థులందరిని ఒకే పత్రమున వ్రాయుడంటిని. తీరగ్రామమునుండి వచ్చిన యొక విద్యార్థి ‘నాను మా అయ్యతో ఏటకి ఎల్లినాను’ అని మొదలుపెట్టెను. పది నిమిషములలో ఆ వాక్యము ‘నేను మా నాన్నతో వేటకు వెళ్ళాను’ అయినది. ఎవరును దురుద్దేశముతో చేయలేదు. తప్పు కనబడినది, వ్రేలు సాగినది, అంతే. ఆ విద్యార్థి పిమ్మట ఆ పత్రమున ఒక్క మాటయు వ్రాయలేదు. మరునాడు పాతకూర్పులు తెరచి చూచితిని. మార్చినవారు నలుగురు. ‘అయ్యతో’ అనుదానిని ‘నాన్నతో’ అని మార్చినది నేనే.

ఆ వాక్యమున పోయిన దేమి? ‘వె’కారము పదాదిని ‘ఎ’కారమగుట, ‘ళ్ళ’ ‘ల్ల’ యగుట, భూతకాలమున ‘-నాను’ నిలుచుట, ఉత్తమపురుష సర్వనామమున ‘నాను’ అను రూపము - ఐదు మాటలలో ఇన్ని మాండలిక లక్షణములు. భాషాశాస్త్ర విద్యార్థి వెదకికొని పోవలసిన సామగ్రి మా పుటకు తానై నడిచివచ్చినది. మేము దానిని తుడిచివేసితిమి. గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో నుండి జనుల నోటిమాటకై చేసిన వాదమును మేమందరము పరీక్షలకు చదివినవారమే. ఈ వ్యాసము వ్రాయుచున్న భాషయు ఆ విద్యార్థి భాష కాదని నేనెరుగుదును. వ్రాసికొనుటకు ఒక భాష, వినుటకు ఒక భాష అను విభాగము నా తరము వారి నింకను వదలలేదు.

జంగ్లీఘాట్ వంటి చోట ఈ తుడిచివేత మరింత హానికరము. శ్రీకాకుళపు తీరమున ఒకని వాక్యము చెరిగినను ఊరిలో ఆ భాష యుండును. దీవిలో ఆ భాషకు ఇల్లు, రేవు తప్ప వేరు ఆధారము లేదు. బడి ఆ మాట తప్పని చెప్పినచో పిల్ల శిష్టవ్యవహారమునకు మారదు, హిందీకి మారును. ఈ యభిప్రాయమును నేను నిర్ణయముగా గాక భయముగా చెప్పుచున్నాను.

మరి చేయవలసిన దేమి? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము మనకు మార్గదర్శకము. అది వ్యవసాయ పదములది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. ఆనాడు పరిశోధకులు ఊరూరికి పోయి, వృత్తివారిని ప్రశ్నించి, మాటలు వ్రాసికొనిరి. అడుగువాడొకడు, చెప్పువాడొకడు. ఉమ్మడి పత్రమున చెప్పువాని బిడ్డయే వ్రాయసకాడగును. పదసేకరణయే పాఠమగును.

జంగ్లీఘాట్ లో అట్టి తరగతి యొకటి నడచుచున్నదని ఊహింతము. ఉమ్మడి పట్టిక యొకటి. ఒక్కొక్క అడ్డువరుస ఒక వస్తువునకు: వల, తెడ్డు, చుక్కాని, లంగరు, ఒక చేప. నిలువువరుసలు ఆరు. ఒకదాన పిల్ల ఇంట వినిన మాట, వినినట్లు; రెండవదాన ఆ మాట చెప్పిన పెద్దవారు ఏ తీరము నుండి వచ్చినవారో; మూడవదాన దీవిలో హిందీ మాట; నాలుగవదాన పాఠ్యపుస్తకపు తెలుగు; ఐదవదాన ఆ మాటతో పిల్ల కట్టిన వాక్యము; ఆరవదాన ఉచ్చారణ ధ్వనిముద్రణము. నియమ మొక్కటే: ఒకరి గడిలో మరియొకరు వ్రాయరాదు. ఉపాధ్యాయుడు నాలుగవ వరుసకు అధికారి. మొదటి వరుసకు కాడు. సందేహమున్నచో వ్యాఖ్య పెట్టవలెను.

ఒక ఉదాహరణము. తీరమున ప్రసిద్ధమైన చేపను కొందరు వంజరమందురు, కొందరు కోనెమందురు. హిందీ మాటలాడు బజారున అది సురమయి. ఒకే తరగతిలో ఈ మూడును వచ్చుట సంభావ్యము. వంజరము తమిళులును వాడు మాట గనుక పిల్లలు తమ ప్రక్కనున్న తమిళ బాలుని అడుగవచ్చును. కోనెమును ‘ణ’కారముతో వ్రాయవలెనా, ‘న’కారముతోనా అని వివాదము పుట్టును. పుట్టనిండు. ఆ వివాదమే వర్ణోచ్చారణ పాఠము. ణ, ళ లు తమ నోట ఎందుకు పలుకవో పిల్లలు తామే కనుగొన్న దినమున వానిని పుస్తకమున ఎందుకు వ్రాయుదురో వారికి వేరుగా చెప్పవలసిన శ్రమ తగ్గును.

ఆరవ వరుస యేల యని అడుగవచ్చును. ‘చేప’ అను మాటనే చూడుడు. తొలి ఏకారము పిదప అకారము వచ్చు ‘మేక’, ‘చేప’ వంటి మాటలలో ఆ ఏకారమును మనలో పెక్కుమంది నోరు మరింత తెరచి, ఏకారమునకు ఆకారమునకు నడుమ పలుకుదురు. ఆ ధ్వనికి మన లిపిలో అక్షరము లేదు. చేపల పదకోశమునకు మొదటి మాటయే లిపికి లొంగదన్న మాట! దంత్య చ, జ లకు గుర్తులున్నను (ౘ, ౙ) యూనికోడ్ లో వానికి స్థానము 2008లో గాని రాలేదు. తెలుగు లిపి మాత్రము 1991 నాటి మొదటి కూర్పునందే చేరినది. నేటికిని పెక్కు ఫోనుల మీటలపై ఆ రెండక్షరములు వెదకవలసినవే. కావున ధ్వనిముద్రణము అలంకారము కాదు, సాక్ష్యము.

వికీసోర్స్ లో ఒక పద్ధతి కలదు. తరగతికి అరువు తెచ్చుకొనదగినది. పాతపుస్తకపు పుట చిత్రము ఒకవైపు, అక్షరరూపము మరొకవైపు ఉండును. సరిచూడని పుట ఎఱుపు. ఒకరు సరిచూచినచో పసుపు. వేరొకరు మరల చూచిన పిదపనే ఆకుపచ్చ. పసుపు చేసినవాడే ఆకుపచ్చ చేయజాలడు. మన పట్టికలోను, ఒక పిల్ల వ్రాసిన మాటను మరియొక యింటి పెద్దలు విని అవునన్న పిదప రంగు మార్చుట ఉచితము. అయితే ఈ పట్టికను వికీపీడియాలో పెట్టబూనుట పొరపాటు. ముందుగా వేరుచోట ప్రకటితము కాని సొంత పరిశోధనకు అచట తావులేదు. ఇది తరగతి వికీలో నుండవలసినది.

పిల్లల గొంతులు ముద్రించునపుడు మరొక జాగ్రత్త వలయును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కోరుచున్నది. పేర్లు బయటి పుటలో పెట్టరాదు. చట్టము లేకున్నను ఇది మర్యాద.

ఒక ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. దీవుల పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి పరీక్షలకు పంపునవి. ‘ఎల్లినాను’ అని వ్రాసినవానికి మార్కులు రావు. తల్లిదండ్రులు బిడ్డను బడికి పంపినది మార్కులకే గాని మా పదకోశములకు కాదు. నిజమే. అందుకే నాలుగవ వరుసను తీసివేయుడని నేను చెప్పలేదు; ఐదవ వరుసలోని వాక్యమును పిల్ల తానే పాఠ్యభాషలోనికి మార్చి దాని క్రింద మరల వ్రాయుట అభ్యాసమున భాగముగా నుండవలెను. రెండును కనబడునట్లున్నచో, ఒకదానినుండి మరియొకదానికి దారి తెలియును. ఒకటి చెరిగినచో మిగిలినది కంఠపాఠము.

చివరకొక చిక్కు మిగిలినది. ‘సురమయి’ అను మాటనే ఇంటిలో, తల్లి నోట, వేరు మాట తెలియకయే వినిన పిల్ల దానిని మొదటి వరుసలో వ్రాసిన నేమి చేయవలెను? అది హిందీ గనుక మూడవ వరుసకు నెట్టవలెనని తోచును. నెట్టరాదని నా మతము. లంగరు, సరంగు అను మాటలు పారసీకమునుండి వచ్చి మన పడవలలో ఎక్కి కూర్చున్నవి. వానిని దింపినవారు లేరు. ఆ పిల్ల ‘సురమయిని కోసినాం’ అని వాక్యము కట్టినచో ప్రత్యయమును క్రియయు తెలుగువే. మొదటి వరుసలో నుంచి, రెండవ వరుసలో ‘జంగ్లీఘాట్’ అని వ్రాయవలెను.