గరిక చచ్చిందా, కునుకు తీస్తోందా?

పిల్లలూ! దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లోని కాలనీ పార్కులను దీపావళి వెళ్ళాక ఒకసారి చూడండి. వినాయక చవితికి పచ్చగా ఉన్న గడ్డి అక్కడక్కడ గోధుమరంగుకు తిరుగుతూ ఉంటుంది. "చచ్చిపోయింది" అనుకొని, డబ్బుపోసి కొత్త గడ్డి పరిపించేవాళ్ళు కూడా ఉన్నారు! కాస్త ఆగితే ఆ ఖర్చు తప్పుతుంది.

మన పచ్చికల్లో తరచు కనిపించేది గరిక. చవితి పత్రిలో దూర్వాయుగ్మం అంటామే, అదే. దీనికి వేడి ఇష్టం. ఎందుకో తెలుసా? వరి ఆకు బొగ్గుపులుసు వాయువును పట్టి, మొదట మూడు కర్బన పరమాణువులున్న పదార్థాన్ని తయారుచేస్తుంది. గరిక, జొన్న, మొక్కజొన్న, చెరకు ఆకుల్లో మొదట తయారయ్యేది నాలుగు కర్బన పరమాణువులున్న ఆమ్లం. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు చెరకు ఆకులను పరిశీలించి 1966లో ఈ మార్గాన్ని వివరించారు. ఇది 30 డిగ్రీల వేడిలో జోరుగా సాగుతుంది, చలిలో మందగిస్తుంది.

నేల వేడి 10 డిగ్రీలకు దిగే చలిదేశాల్లో గరిక పూర్తిగా నిద్రపోతుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు కూడా సాధారణంగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. కనుక ఇక్కడ దానికి కునుకే. అక్టోబరులో నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగాక నేల ఎండడం కూడా రంగు మారడానికి పెద్ద కారణమే.

అందుకని శరదృతువులో గడ్డిని నున్నగా గొరగకూడదు. ఒక్కసారికి పరక పొడవులో మూడోవంతుకు మించి కోయరాదు. ఆకు ఉంటేనే గదా పిండిపదార్థం తయారై, నేలలోని కాండంలో నిలవచేరేది! నీరు రోజూ చిలకరించేకన్నా వారానికి రెండుసార్లు, ఉదయంపూట, లోతుకు ఇంకేలా పెట్టడం మేలు. రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగుళ్ళు వస్తాయి. బాగా చివికిన పశువుల ఎరువు అక్టోబరు మొదట్లోనే చల్లాలి. చలి ముదిరాక యూరియా వేయడం దండుగ.

మీ పార్కులోని గడ్డి బతికే ఉందో లేదో మీరే తేల్చవచ్చు. తోటమాలినడిగి, గోధుమరంగుకు తిరిగినచోట మూడు కణుపులున్న కాండం ముక్క తెచ్చుకోండి. కుండీలో ఒక కణుపు మట్టిలోకి పోయేలా నాటి, ఎండ తగిలేచోట పెట్టి, మట్టి తడి ఆరనివ్వకండి. రెండు మూడు వారాల్లో కణుపు దగ్గర పచ్చటి మొలక కనిపిస్తే, కొత్త గడ్డి కొనబోయే పెద్దలకు ఆ కుండీ చూపించండి.