‘వల్నరబుల్’ : ఒక పదవిచారణ

ఆంగ్లంలోని ‘వల్నరబుల్’ అనే విశేషణానికి మూలం లాటిన్ ‘వల్నస్’, అనగా గాయం. 17వ శతాబ్ది ఆరంభంలో ఆంగ్లంలో ప్రవేశించిన ఈ పదానికి గాయపడటానికి వీలున్నదని అక్షరార్థం.

మనం దీనిని ‘దుర్బల’మనీ, ‘బలహీన’మనీ అనువదిస్తున్నాం, ఉర్దూలో ‘కమ్‌జోర్’ అంటారు. మూడింటిలోనూ బలం లేమియే తప్ప గాయం ప్రసక్తి లేదు. లోపం గాయపడినవానిదే అయిపోతున్నది!

మన కోటపాడుకు ఎగువన మన్యంలో ఉన్న బోడో గదబ, పరెంగి పోర్జా తెగలను ప్రభుత్వం లోగడ ‘ఆదిమ’ తెగలనేది. 2006లో ఆ మాట తొలగించి ‘వల్నరబుల్’ను స్వీకరించింది. తెలుగులో అది తరచు ‘బలహీన’ అవుతున్నది. మోపు నెత్తిన పెట్టుకొని కొండలెక్కే గదబ స్త్రీ బలహీనురాలా? భూమి, అడవి చేజారితే ఆమెకు తగిలేది గాయం.

‘హానికి లోనుకాగల’ అనటం కొంత పొడవే; అయినా విద్యార్థులు దానినే వ్రాయాలని నా అభిప్రాయం.