కాటా ఎక్కే ముందే ఆలోచించాల్సినవి

కుస్తీని బతుకుదెరువు చేసుకోవాలనుకునే అమ్మాయికి, ఆమెను మ్యాట్ మీదికి పంపే తల్లిదండ్రులకు ముందుగా చెప్పాల్సింది పట్ల గురించి కాదు, బరువు గురించి. ఏ కేటగిరీలో ఆడాలన్నదే ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఒలింపిక్స్‌లో మహిళలకు ఉన్నవి ఆరే: 50, 53, 57, 62, 68, 76 కిలోలు. ఒక్కోదానికి దేశం నుంచి ఒక్కరే వెళ్తారు. మీ బరువులో మీకన్నా గట్టి అమ్మాయి ఉంటే కిందికి దిగాలా, పైకి వెళ్లాలా అన్న ప్రశ్న తప్పదు.

వినేశ్ ఫోగాట్‌కు వచ్చిన చిక్కు అదే. ఆమె 53 కిలోల్లో ఆడేది. 2023లో మోకాలి ఆపరేషన్ అయి కోలుకునేలోగా ఆ బరువులో అంతిమ్ పంఘాల్ ఒలింపిక్ కోటా తెచ్చేసింది. వినేశ్ 50కి దిగింది. పారిస్‌లో 2024 ఆగస్టు 6న మొదటి బౌట్‌లోనే, అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని జపాన్ అమ్మాయి యుయి సుసాకిని ఓడించింది. అదే రోజు ఇంకో రెండు గెలిచి ఫైనల్ చేరింది. కానీ ఫైనల్ రోజు పొద్దున మళ్లీ కాటా ఎక్కాలి. బౌట్ల మధ్య తిన్నదీ తాగిందీ ఒంట్లోనే ఉంది. రాత్రంతా చెమటోడ్చింది, జుట్టు కూడా కత్తిరించారు. అయినా 100 గ్రాములు ఎక్కువ. రజతం కూడా దక్కలేదు. నిబంధన ప్రకారం ఆమెకు ఆఖరి స్థానం ఇచ్చారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె మండుతుంది.

ఆమె తినకుండా ఉండాల్సిందని మాత్రం అనకండి. మీరు చూసుకోవాల్సింది రెండో రోజు తూకాన్ని. మామూలు రోజుల్లో మీ బరువెంత, మూడు బౌట్లు ఆడిన రాత్రి ఎంత పెరుగుతోంది, తెల్లారేసరికి ఎంత తగ్గుతోంది? నోటుపుస్తకంలో రాసి పెట్టి, ఆ లెక్కతోనే కోచ్ దగ్గర కూర్చోండి. బరువు తగ్గించే క్రమంలో నెలసరి ఆగిపోతే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

బరువు తగ్గే తొందరలోనే డోపింగ్ కేసులో ఇరుక్కునే ప్రమాదమూ ఉంది. ఒంట్లో నీరు లాగేసే మాత్రలు పోటీలు లేని రోజుల్లోనూ నిషిద్ధమే. తూకం అయ్యాక నీరసం తగ్గాలని సెలైన్ ఎక్కించుకోవడమూ తప్పే. ఆసుపత్రి చికిత్సలో భాగంగానో, ముందస్తు అనుమతితోనో తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటకూడదు. జిమ్‌లో ఎవరో అన్న ఇచ్చిన పౌడరని చెప్పినా చెల్లదు. మీ ఒంట్లో దొరికితే బాధ్యత మీదే.

ఇక జీతం. 2016 రియోలో సాక్షి మలిక్ క్వార్టర్స్‌లో ఓడి, ఓడినవాళ్లకు దక్కే రెపిచాజ్‌లో వచ్చిన రెండో అవకాశాన్ని పట్టుకుని, కాంస్యం బౌట్‌లో 0–5 వెనకబడి 8–5తో గెలిచింది. మన మహిళా కుస్తీకి అదే తొలి ఒలింపిక్ పతకం. అంతటి ఆమె కూడా ట్రయల్స్‌లో సోనమ్ మలిక్ చేతిలో ఓడి టోక్యోకు వెళ్లలేకపోయింది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణంతో నిలదొక్కుకుంది. ఆమెకు రైల్వే ఉద్యోగం ఉంది. పతకం రాని ఏడాదిలోనూ నెల తిరిగేసరికి జీతం పడటం ఎంత అండో ఆటగాళ్ల ఇళ్లలో అడగండి. స్పోర్ట్స్ కోటాలో ఇటీవలి ఏళ్ల విజయాలనే చూస్తారు కాబట్టి ఫామ్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టండి, గాయమయ్యాక కాదు. ప్రతి పోటీ సర్టిఫికెట్ అప్పటికప్పుడే తీసుకోండి. చేరే ముందు శిబిరాలకు వెళ్లిన రోజుల్ని డ్యూటీగా రాస్తారా, సెలవులో కోస్తారా అని అడగండి. మన రెండు రాష్ట్రాల పిల్లలకు ఇంకో మాట: జాతీయ శిబిరంలో మాటంతా దాదాపు హిందీలోనే నడుస్తుంది, ముందే నేర్చుకుని వెళ్లండి.

చివరిది, చాలా ఇళ్లలో మాట్లాడనిది. 2023లో లైంగిక వేధింపుల ఆరోపణలపై చర్య కోరుతూ వినేశ్, సాక్షి జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. 2013 నాటి చట్టం ప్రకారం స్టేడియం, శిక్షణ కేంద్రం, పోటీ జరిగే చోటు కూడా మీరు పనిచేసే చోటే. అక్కడ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా, మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. కేంద్రంలో చేరిన రోజే కమిటీలో ఎవరెవరున్నారో అడిగి, పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకోండి.