పడిన మందు, పడని మందు
మానసిక చికిత్సలో జన్యు పరీక్ష: ఒక పరిచయం

మన ఇండ్లలో తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "ఆ మందు నాకు పడలేదు" అంటారు పెద్దలు. మందు చెడ్డదని కాదు, వైద్యుడు తెలియనివాడనీ కాదు. మందుకూ ఒంటికీ పొత్తు కుదరలేదని ఆ మాటకు అర్థం. హకీము నాడి పట్టుకొని మిజాజును విచారించినా, ఆయుర్వేద వైద్యుడు ప్రకృతిని విచారించినా, వారు వెదకినది ఈ పొత్తునే. ఒకే రోగానికి ఇచ్చిన ఒకే మందు ఇద్దరిలో రెండు విధాలుగా ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు ఆధునిక శాస్త్రం గత డెబ్బది సంవత్సరాలలో కొంత సమాధానం కనుగొన్నది. ఆ కొంత ఎంతో మన విద్యార్థులకు తెలియజెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యుడను కాను, తెలుగు ఉపన్యాసకుడను. అయినా ఈ విషయం మీద కలము పట్టడానికి కారణమున్నది. మన కళాశాలలో చదివి ఫిలింనగర్‌లో డబ్బింగు పనులు చేసుకొంటున్న ఒక పూర్వ విద్యార్థి ఒకనాడు పదహారు పుటల నివేదికతో నా వద్దకు వచ్చాడు. అతని తల్లిగారు కొంతకాలంగా దిగులు జబ్బుకు మందు వాడుతున్నారు. జూబ్లీహిల్స్‌లో ఒకచోట ప్రకటన చూసి, తన నెల సంపాదనలో సగం చెల్లించి, ఆమె చెంప లోపలి తడిని దూదిపుల్లతో తీయించి పరీక్ష చేయించాడు. నివేదికలో మందుల పేర్లు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులలో ఉన్నాయి. "సార్, అమ్మ వేసుకొనే మందు ఎర్ర గడిలో ఉన్నది. అందుకని వారం నుంచి మాన్పించాను" అన్నాడు. ఆ వారంలో ఆమెకు నిద్ర పోయింది, తల తిరుగుడు పట్టుకున్నది. ఏ ఇంగ్లీషు మాటకు ఏమి అర్థమో చెప్పమని అతడు నన్ను అడిగాడు. నిఘంటువుతో తెగే చిక్కు కాదని నాకు వెంటనే తెలిసినది.

మింగిన మాత్ర ప్రేగులలో కరగి, రక్తములో చేరి, కాలేయానికి పోతుంది. అక్కడ ఎంజైములనే ప్రోటీనులు దానిని విరిచి, శరీరం వెలుపలికి పంపదగిన రూపంలోకి మారుస్తాయి. మానసిక వ్యాధుల మందులలో అనేకమును మార్చేవి ముఖ్యంగా రెండు: సివైపి2డి6, సివైపి2సి19. మొదటి దాని జన్యువు 22వ క్రోమోజోము మీద, రెండవ దానిది 10వ క్రోమోజోము మీద ఉన్నాయి. జన్యువులో అక్షరదోషం వంటిది ఏర్పడితే ఎంజైము మందగిస్తుంది, లేదా అసలే తయారు కాదు. అప్పుడు మామూలు మోతాదు కూడా రక్తములో పేరుకొని, ఎక్కువ మోతాదు వలె బాధిస్తుంది. కొందరిలో ఎంజైము మిక్కిలి చురుకు. వారిలో మందు పనిచేయక మునుపే కరిగిపోతుంది.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఒక్కసారిగా తట్టినది కాదు. 1956లో మదరాసులో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంవారు, ఐసోనియాజిడ్‌ను కొందరి శరీరం త్వరగా, కొందరిది నెమ్మదిగా మారుస్తుందన్న అంశాన్ని శ్రద్ధగా పరిశీలించారు. 1959లో జర్మనీ దేశస్థుడు ఫ్రీడ్రిక్ ఫోగెల్ ఈ శాస్త్రానికి ఫార్మకోజెనెటిక్స్ అని నామకరణం చేశాడు. ఔషధ జన్యుశాస్త్రం అనుకోవచ్చు. 1970 దశకంలో లండనులో రాబర్ట్ స్మిత్ అనే ఆచార్యుడు డెబ్రిసోక్విన్ అనే రక్తపోటు మందును తానే మింగి చూశాడు. సహచరులకు ఏమీ కాలేదు. ఆయనకు మాత్రం రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగాయి. సివైపి2డి6 కథకు అదే నాంది.

ఇక మన తెలుగువారికి మిక్కిలి దగ్గరి ఉదాహరణ మరొకటి ఉన్నది. అది మాత్రకు గాక, విద్యుత్ చికిత్సకు సంబంధించినది. మన చలనచిత్రాలలో దీనిని హింసగా చూపడం పరిపాటి. ఎర్రగడ్డ అన్న పేరునే హాస్యానికి వాడుకొన్నవి కూడా లేకపోలేదు. జాల్నా నుండి 1953లో తరలివచ్చిన ఆ మానసిక చికిత్సాలయం సినిమా స్టూడియోలకు ఎంతో దూరం కాదు. జూబ్లీహిల్స్ శాసనసభా నియోజకవర్గంలోనిదే. వాస్తవానికి తీవ్రమైన దిగులులో ప్రాణం నిలిపే చికిత్స ఇది. మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా దీనిని చేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించినది. కండరాలను సడలించడానికి సాధారణంగా ఇచ్చేది సక్సినైల్‌కోలిన్. రక్తములోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని కొద్ది నిమిషాలలో విరిచివేస్తుంది. ఆ ఎంజైము లేనివారిలో మాత్రం ఊపిరి తీసే కండరాలు గంటల తరబడి చచ్చుపడి ఉంటాయి. అంతసేపూ యంత్రం ద్వారా ఊపిరి అందించవలసినదే. ఆర్యవైశ్యులలో ఈ లోపం ఇతరులలో కంటె ఎన్నో రెట్లు అధికమని మత్తుమందు వైద్యులకు తెలుసు. దానికి మూలమైన జన్యు మార్పును 2006లో ప్రకటించారు. హైదరాబాదులోని సిసిఎంబికి చెందిన తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ మున్నగువారు 2017లో వెలువరించిన పరిశోధన దీని కారణాన్ని విశదపరచినది: పూర్వం కొద్దిమందితో మొదలైన సమూహం తరతరాలుగా తమలో తామే వివాహమాడడం. అటువంటి సమూహాలు మన దేశంలో అనేకం. మేనరికాలు, దగ్గరి చుట్టరికాలు మనలో మాత్రం తక్కువా? ఆ సముదాయంలో కూడా అత్యధికులకు ఈ లోపం లేదన్నది మరువరాదు. కులం పేరు వైద్యునికి ఒక హెచ్చరిక మాత్రమే. ఆ ఎంజైము ఎంత ఉన్నదో మామూలు రక్తపరీక్షే చెబుతుంది. లోపమున్నట్లు తేలితే మరొక మందు వాడతారు. కుటుంబంలో ఎవరికైనా మత్తు తరువాత ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ మాట వైద్యునికి ముందే చెప్పవలెను.

ఇంత స్పష్టమైన లాభం అన్ని మందులకూ లేదు. కార్బమజెపైన్ విషయంలో ఉన్నది. ఒక ప్రత్యేక జన్యు లక్షణం గల ఆసియా సంతతివారిలో అది చర్మం ఊడిపోయేంతటి ప్రమాదం తేగలదని 2007లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. లిథియం సంగతి వేరు. దానిని కాలేయం ముట్టనే ముట్టదు, మూత్రపిండాలే పంపివేస్తాయి. కాబట్టి కాలేయ జన్యువులు ఎంత చదివినా దాని మోతాదు తేలదు, రక్తములో దాని మట్టం చూడవలసినదే. క్లోజపిన్ వాడేవారు బీడీ, సిగరెట్టు కాల్చితే పొగ ఒక కాలేయ ఎంజైమును రెచ్చగొట్టి మందు మట్టాన్ని తగ్గిస్తుంది. హఠాత్తుగా మానితే మట్టం పెరుగుతుంది. ఇక్కడ జన్యువు కంటె జేబులోని బీడీకట్ట ముఖ్యం! ఇక దిగులు మందులు. 2022లో అమెరికా మాజీ సైనికులు 1944 మందితో జరిపిన పరిశీలన ఫలితం వెలువడినది. పరీక్ష చేయించినవారికి జన్యువుతో పొసగని మందులు తక్కువగా వ్రాయబడ్డాయి; అయితే జబ్బు పూర్తిగా నయమవడంలో లాభం స్వల్పం, 24 వారాల నాటికి అదీ నిలువలేదు. మోతాదు నిర్ణయానికి ఈ పరీక్ష తోడ్పడుతుంది గాని, ఏ మందు మనసుకు ఊరటనిస్తుందో చెప్పలేదని నా అవగాహన.

పరదేశపు లెక్కలను మనకు అంటగట్టడం కూడా తగదు. సివైపి2సి19 అసలే పనిచేయనివారు యూరపులో నూటికి ఇద్దరు ముగ్గురు. మన దక్షిణ భారతంలో పదిమందికి పైనే. సివైపి2డి6 విషయంలో దీనికి విరుద్ధంగా యూరపువారే ఎక్కువ.

నా విద్యార్థిని వెంటబెట్టుకొని అతని తల్లికి చికిత్స చేస్తున్న డాక్టరమ్మ వద్దకు వెళ్లాను. ఆమె నివేదిక తిరగవేసి, పాత చీటీలు తీయించింది. తల్లిగారు వాడుతున్నది ఎసిటాలోప్రామ్. సివైపి2సి19 ఆమెలో పనిచేయదని నివేదిక చెబుతున్నది. "మొదట పది మిల్లీగ్రాములు ఇస్తే తల తిరిగిందని మీ అమ్మగారే చెప్పారు. అందుకే అయిదుకు తగ్గించాను. ఎనిమిది నెలలు హాయిగా ఉన్నారు కదా, పనిచేస్తున్న మందును రంగు చూసి మాన్పిస్తావా బాబూ?" అన్నది. ఎర్ర గడికి అర్థం మందు విషమని కాదు, మామూలు మోతాదు ఎక్కువవుతుందని. చీటీ ఎనిమిది నెలల క్రితమే కనుగొన్న సంగతికి నివేదిక కారణం చెప్పినది, అంతే.

అతడు ఇంకొక మాట అడగడానికి వెనుకాడుతుంటే నేనే అడిగాను: చెల్లెలి పెండ్లి సంబంధాలకు ఈ కాగితం అడ్డమా అని. డాక్టరమ్మ నవ్వలేదు. ఇది కాలేయం గురించిన కాగితమనీ, ఎవరికి మనోవ్యాధి వస్తుందో రాదో ఇందులో లేదనీ ఓపికగా చెప్పినది. తల్లి నుండి పిల్లలిద్దరికీ పనిచేయని ప్రతి ఒక్కొక్కటి తప్పక వచ్చి ఉంటుందనీ, తండ్రి నుండి వచ్చిన రెండవ ప్రతి మంచిదైతే అంత ఇబ్బంది ఉండదనీ వివరించినది. పిదప దస్త్రం అట్ట మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం వ్రాసినది: ఈమెకు ఎప్పుడైనా గుండె జబ్బుకు క్లోపిడోగ్రెల్ ఇవ్వవలసి వస్తే ముందు ఈ నివేదిక చూడగలరు. ఆ మందు పనిచేయవలెనంటే ఈ ఎంజైమే దానిని మార్చవలెనట. నా విద్యార్థి ఆ పుట ఒక్కటి నకలు తీయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, రేషను కార్డు పెట్టిన సొరుగులో పెట్టాడు. తల్లిగారు ఆ రాత్రి నుండే అయిదు మిల్లీగ్రాముల మాత్ర మళ్లీ మొదలుపెట్టారు.